నాలుగు సెకన్లు

మంగళవారం పొద్దున పదకొండూ నలభై రెండుకు దాదాపీర్ ఎర్ర బటన్ నొక్కేశాడు. నొక్కిన తర్వాతగానీ తను నొక్కిన సంగతి ఆయనకు తెలియలేదు. కంట్రోల్ రూములో ఉన్న నాలుగు స్క్రీన్లూ ఒకేసారి ఎర్రబడ్డాయి. అద్దం అవతల కొత్త కరెంటు పొయ్యి ఏ చప్పుడూ లేకుండా ఆగిపోయింది. ఆయన వెనక పదిమందిదాకా నిలబడి ఉన్నారు. వాళ్ళలో సరుకు కొనడానికి పూణే నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏమైంది? ఎందుకు ఆపినావు?" అన్నాడు మేనేజర్ జయరాజు.

"సూది పడింది సార్," అన్నాడు దాదాపీర్.

ఆ గదిలో సూది ఉండే మీటరు ఒక్కటి కూడా లేదు. అన్నీ అంకెలే. ఆ మాట నోటినుంచి వచ్చాక ఆయనకే సిగ్గనిపించింది.

హిందూపురం నుంచి పరిగి పోయే రోడ్డులో ఉన్న ఆ ఫ్యాక్టరీని ఊళ్ళో వాళ్ళు గోలీల ఫ్యాక్టరీ అంటారు. బళ్ళారి వైపు నుంచి ఇనుపరాయి పొడి లారీల్లో వస్తుంది. దాన్ని తడిపి, కొంచెం బంకమన్ను కలిపి పెద్ద పళ్ళెంలో తిప్పితే గోలీల మాదిరి ఉండలవుతాయి. పన్నెండు వందల డిగ్రీల పైన కాలిస్తే ఆ ఉండలు గట్టిపడతాయి. వాటిని ఉక్కు చేసేవాళ్ళు కొంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ కాల్చే పని దాదాపీర్‌ది. పొడుగాటి ఇనుప గొట్టంలాంటి బట్టీ మెల్లగా తిరుగుతూ ఉంటుంది, ఒక కొసన బొగ్గుపొడి మంటై లోపలికి ఎగదన్నుతూ ఉంటుంది. నీలి అద్దంలోంచి ఆ మంటను చూసి, రంగును బట్టి బొగ్గు పెంచడం, తగ్గించడం. షిఫ్టు మొత్తంలో ఆయన ఒక్క పది నిమిషాలు కూర్చున్నది లేదు.

ఇప్పుడు కాలం మారింది. యూరప్ దేశాలకు ఉక్కు అమ్ముకునేవాళ్ళు ప్రతి టన్ను వెనకా ఎంత బొగ్గు కాలింది, ఎంత పొగ గాలిలో కలిసింది అని అడుగుతున్నారు. పొగ ఎక్కువైతే అక్కడ సుంకం ఎక్కువ. అందుకని ఉండలు కొనేవాళ్ళు కూడా బొగ్గు లేకుండా కాల్చిన ఉండలు కావాలంటున్నారు. నంబులపూలకుంట దిక్కు నుంచి సోలార్ కరెంటు కొంటామని, ముందు ఒక చిన్న కరెంటు పొయ్యి కట్టి చూస్తామని, అది నిలబడితే బొగ్గు బట్టీ ఆపేస్తామని యజమానులు చెప్పారు. పొయ్యి కట్టించిన ఇంజనీరు మంజులత. ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ళ ఇంటి పిల్ల, వయసు ముప్పై లోపే. ఎనిమిది నెలలు ఆమె ఆ పొయ్యి తప్ప వేరే లోకం చూడలేదు. కాల్చడం బాగా తెలిసిన మనిషే స్క్రీను ముందు కూర్చోవాలని పట్టుబట్టి దాదాపీర్‌ని అడిగి తీసుకుంది కూడా ఆమే.

పొయ్యి ఒక్కసారిగా చల్లబడేసరికి లోపల వేడి పుట్టించే కడ్డీలు ఆరు పగిలాయి. సగం కాలిన ఉండలు వేళ్ళతో నలిపితే పొడి అయిపోతున్నాయి. కొత్త కడ్డీలు రావడానికి పది రోజులు పడుతుందన్నారు. మంజులత పొయ్యి తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. పూణే వాళ్ళు భోజనం చేయకుండానే కారెక్కారు.

మధ్యాహ్నం క్యాంటీన్లో దాదాపీర్ పళ్ళెం పట్టుకుని వస్తుంటే, స్టోరులో పనిచేసే హరి గొంతు వినబడింది.

"ఆయప్ప తమ్ముడు బొగ్గు టిప్పరు తోలతాడు కదా. ఈ పొయ్యి నిలబడితే ఆ టిప్పరు యాడికి పోవల్ల?"

ఎవరో నవ్వారు. దాదాపీర్ పళ్ళెం బల్లమీద పెట్టి, తినకుండానే బయటికొచ్చేశాడు.

తమ్ముడు సలీం కాపురం పెనుకొండలో. కృష్ణపట్నం రేవు నుంచి ఈ ఫ్యాక్టరీకి బొగ్గు తోలి పద్నాలుగేళ్ళవుతోంది. ఆ పని ఇప్పించింది దాదాపీరే. నాయన పోయేనాటికి సలీంకు తొమ్మిదేళ్ళు. చదివించింది, లైసెన్సు తీయించింది, పెళ్ళి చేసింది అంతా అన్నే. ఈ సంగతి ఫ్యాక్టరీలో తెలియనివాళ్ళు లేరు.

సాయంత్రం జయరాజు తన గదికి పిలిపించాడు. "నీ మీద నాకు అనుమానం లేదు దాదాపీర్. ఇరవై రెండేండ్లు చూసినా నిన్ను. కానీ పైనుంచి అడిగేవాళ్ళకు నేనేం చెప్పల్ల? మంజులత రిపోర్టు ఇచ్చేదాకా నువ్వు ఇంటికాడ ఉండు."

దాదాపీర్ సరేనని తలూపాడు. ఇంటికాడ ఉండడమంటే ఏం చేయాలో మాత్రం ఆయనకు తెలియలేదు.

మార్కెట్ వెనక సందులో రెండు గదుల ఇల్లు వాళ్ళది. ముందు గదిలో కిటికీ పక్కన భార్య మైమూనా జాకెట్లు కుడుతుంది. బుధవారమంతా ఆయన ఆ రెండు గదుల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. కారని కొళాయిని విప్పి మళ్ళీ బిగించాడు. నవారు మంచం విప్పి లాగి కట్టాడు. ఎండలో స్టేషన్ దాకా నడిచిపోయి, వచ్చే రైలును, పోయే రైలును చూసి తిరిగొచ్చాడు.

"ఒక సోట కూసోరాదా? నాకు సూదిలో దారం ఎక్కడం లేదు నీ తిరుగుడుకు," అంది మైమూనా.

కూర్చున్నాడు. రెండు నిమిషాలకు మళ్ళీ లేచాడు.

"ఏం తలచుకుంటాండావు?"

"ఏం లేదు. ఆ అంకె ఎట్ల పడింది, నేను ఎట్ల నొక్కినా అని."

"భయపడి నొక్కినావు. అంతే కదా."

"భయపడినట్టు గుర్తు లేదే," అన్నాడాయన.

గురువారం మధ్యాహ్నం సలీం వచ్చాడు. చేతిలో రెండు కేజీల పొట్టేలు మాంసం. ఎప్పుడొచ్చినా వాకిట్లో చెప్పులు విడుస్తూనే వదినను ఏదో ఒకటి ఆటపట్టించేవాడు, ఆ రోజు నేరుగా అన్న దగ్గరికొచ్చి పక్కన కూర్చున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, గోళ్ళ సందుల్లో బొగ్గు నలుపు ఎంత తోమినా పోదు.

"అన్నా, నువ్వు నోరిప్పి చెప్పాల్సిన పని లేదు. నాకు తెలుసు," అన్నాడు మెల్లగా.

"ఏం తెలుసురా?"

"నా కోసం నువ్వు ఏం చేస్తివో. పనిపోయినా సరేనని చేస్తివి. మా ఇంట్లో సఫియా రెండు దినాలుగా ఒకటే ఏడుపు, నీ గురించి తలచుకుని."

కాదని అప్పుడే అనాల్సింది. దాదాపీర్ నోరు తెరిచాడు, మాట రాలేదు. తమ్ముడి మొహంలో అంత ప్రేమ చూసి ఎన్నేళ్ళయిందో. కుట్టుమిషను ఆగింది. కిటికీ దగ్గర్నుంచి మైమూనా ఆయన్నే చూస్తోంది.

సలీం తిని, చెయ్యి కడుక్కుని, అన్న భుజం ఒకసారి నొక్కి వెళ్ళిపోయాడు. వాకిలి దాటాడో లేదో మైమూనా అడిగింది.

"నిజమేనా?"

"లేదు."

"మరి వానితో యాల చెప్పలేదు?"

ఆయన చెప్పులేసుకుని మళ్ళీ స్టేషన్ వైపు నడిచాడు.

ఆదివారం పొద్దున్నే ధర్మవరం పోయే ప్యాసింజరెక్కాడు. సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడ్డాడు. పెనుకొండలో రైలు ఆగినప్పుడు ఎవరన్నా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని లోపలికి జరిగాడు. కొండ మీద కోటగోడ వెనక్కి పోయేదాకా బయటికి తొంగిచూడలేదు. మంజులతకు ఏం చెప్పాలని పోతున్నాడో ఆయనకు ఇంకా తేలలేదు. రిపోర్టు రాయకముందే ఒకసారి కనబడాలి, అంతే.

నేతగాళ్ళ వీధిలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ముందు గదిలో గుంటమగ్గం మీద మంజులత తండ్రి అమర్‌నాథ్ కూర్చుని నేస్తున్నాడు. ముదురాకుపచ్చ చీర, సగం దాకా వచ్చింది. ఆయన తల ఊపి, లోపలికి పొమ్మని చూపించాడు. మంజులత వెనక గదిలో నేలమీద కాగితాలు పరుచుకుని ఉంది. దాదాపీర్‌ని చూసి ఆమె ఆశ్చర్యపోలేదు.

"నేనే ఫోన్ చేద్దామనుకుంటాండాన్నా. కూర్చో. ఇది చూడు."

ఆమె చూపించిన కాగితం మీద వంకర గీతలున్నాయి.

"పదకొండు నలభై రెండూ ఆరు సెకన్లకు పొయ్యి మూడో గదిలో కరెంటు పడింది. నాలుగు వందల ఇరవై నుంచి తొంభైకి. పదో సెకనుకు నువ్వు బటన్ నొక్కినావు. మధ్యలో నాలుగు సెకన్లు."

"పడింది కదా మరి."

"పడాల్సిందేనన్నా. ఆ గది కావలసిన వేడికి చేరింది. చేరగానే కరెంటు దానంతట అదే తగ్గుతుంది. చల్లబడితే మళ్ళీ పెరుగుతుంది. దినమంతా అట్ల పడుతూ లేస్తూనే ఉంటుంది. అంతా సక్రమంగా ఉండాదనేదానికి అది గుర్తు."

దాదాపీర్ ఆ గీతల వైపు చూస్తూ ఉండిపోయాడు. బొగ్గు బట్టీలో సూది పడిందంటే మంట ఆరిందని అర్థం. అరనిమిషంలో బొగ్గుపొడి ఆపకపోతే అది లోపల నిండి, వేడికి ఒక్కసారిగా అంటుకుని తలుపులోంచి బయటికి తన్నుతుంది. తొమ్మిదేళ్ళ కిందట అట్లాగే జరిగి వెంకటరాముడనే మనిషి మొహం, చేతులు కాలిపోయాయి. ఆ షిఫ్టులో పక్కనే ఉన్నది దాదాపీర్. వెంకటరాముడు ఇప్పుడు ఓబులదేవరచెరువులో ఆవులు పెట్టుకుని బతుకుతున్నాడు. ఆ కథంతా ఆయన మంజులతకు చెప్పాడు.

"అదే రాస్తాండా," అందామె. "పడితే ఆపల్ల అని ఇరవై రెండేండ్లు నీ చేతికి అలవాటు. తొమ్మిది దినాలు ట్రైనింగు ఇచ్చి ఆ అలవాటు పోతుందనుకోవడం నాది తప్పు. కరెంటు పడితే భయం లేదనే మాట ఇంగ్లీషులో ఒక స్లైడులో పెట్టి దాటేసినా. నీకు అర్థమైందా అని కూడా అడగలే. అది కూడా రాస్తా."

ఆమె తల్లి టీ ఇచ్చింది. దాదాపీర్ తాగాడు. గుండెల మీద నుంచి ఏదో దించినట్టయింది. ఇరవై రెండేళ్ళ అలవాటు. ఎవరికి చెప్పినా ఒప్పుకుంటారు. హరి కూడా ఒప్పుకుంటాడు. వస్తానమ్మా అని చెప్పి, అమర్‌నాథ్‌కు దండం పెట్టి బయటపడ్డాడు.

స్టేషన్లో హిందూపురం రైలుకు ఇంకా నలభై నిమిషాలుంది. బెంచీ మీద కూర్చున్నాడు. లేచాడు. ప్లాట్‌ఫారం ఆ చివరిదాకా పోయి వచ్చాడు. నాలుగు సెకన్లంటే ఎంతసేపు? లోపల లెక్కపెట్టి చూశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చాలాసేపే. వెంకటరాముడు ఆ నాలుగు సెకన్లలో ఎక్కడా లేడు. జయరాజు అడిగిన తర్వాతే వెంకటరాముడు గుర్తొచ్చింది. అంతకుముందు, అంకె పడిన క్షణంలో, ఆయన కళ్ళకు కనబడింది సలీం. లుంగీ కొసతో టిప్పరు అద్దం తుడుస్తున్న సలీం. ఆ తర్వాత చెయ్యి కదిలింది.

రైలు వస్తోందని మైకులో చెబుతుంటే దాదాపీర్ స్టేషన్ మెట్లు దిగి నేతగాళ్ళ వీధి వైపు నడుస్తున్నాడు.

ఈసారి ఆయన లోపలికి పోలేదు. మగ్గం పక్కనే నిలబడ్డాడు. మంజులత బయటికొచ్చింది.

"ఏమన్నా మరిచిపోయినావా అన్నా?"

"ఆ నాలుగు సెకన్లలో నాకు మా తమ్ముడు కనబడినాడమ్మా. వెంకటరాముడు కాదు. మా తమ్ముడు. చెయ్యి అలవాటుకు పోయిందో, వాని కోసం పోయిందో నాకు తెల్దు. రెండిట్లో ఏది అనేది ప్రమాణం చేసి చెప్పలేను. నువ్వు అలవాటని రాస్తే అది సగమే నిజమైతాదేమో."

మంజులత గోడకు ఆనుకుంది. ఆమె గొంతులో కోపం వినబడింది.

"ఎనిమిది నెలలు కట్టిన పొయ్యన్నా అది. నువ్వు ఇందాక పోయినప్పుడు అట్లనే రైలెక్కి పోయింటే బాగుండె. ఇప్పుడు ఈ మాట నేనేం చేసుకోవల్ల? రాస్తే నిన్ను తీసేస్తారు. రాయకపోతే, ఇంకోసారి నువ్వు నొక్కితే నేను చచ్చినట్టే."

మగ్గం చప్పుడు ఆగింది. అమర్‌నాథ్ గుంటలోంచి తలెత్తకుండానే అన్నాడు. "ఆయప్ప చెప్పకుండా పోయింటే నీకు తెలిసేదే కాదు కదమ్మా."

"తెలియకుండా ఉంటే నిద్ర పట్టేది నాయనా," అంది మంజులత. ఆమె తలుపు దగ్గరిదాకా పోయి, మళ్ళీ వచ్చింది. "కడ్డీలు వచ్చినాక మళ్ళీ నువ్వే కూర్చుంటావు. కాల్చడం తెలిసినవాళ్ళు నాకు ఇంకెవరూ లేరు. కానీ ఒకటి. ఏం కనబడినా నోటితో గట్టిగా చెప్పల్ల. నేను విని సరేనంటేనే నొక్కల్ల. కుదరదంటే ఇప్పుడే చెప్పు."

"కుదురుతుంది," అన్నాడు దాదాపీర్.

ఆమె రిపోర్టులో అలవాటు సంగతే రాసింది. మిగతాది రాయలేదు. జయరాజు చదివి, దాదాపీర్‌ని పనిలోకి రమ్మని కబురుపెట్టాడు. క్యాంటీన్లో మాటలు తగ్గాయి, పూర్తిగా ఆగలేదు.

పై వారం శనివారం మళ్ళీ పొయ్యి వెలిగించారు. వెలిగించారనే మాటే తప్పు, అక్కడ వెలిగేది ఏమీ లేదు. పూణే వాళ్ళు ఈసారి రాలేదు, ఫోన్లో చూస్తామన్నారు. దాదాపీర్ స్క్రీను ముందు కూర్చున్నాడు. ఎర్ర బటన్ మీద ప్లాస్టిక్ మూత బిగించారు. మంజులత ఆయన కుర్చీ వెనకే నిలబడింది.

"ఒకటో గది కరెంటు పడింది. వేడి అట్లనే ఉండాది," అన్నాడు.

"సరే," అందామె.

"మూడో గది పడింది. వేడి అట్లనే ఉండాది."

"సరేనన్నా."

గంట గంటకూ అదే మాట. పడిన ప్రతిసారీ ఆయన కుడిచెయ్యి తొడ మీద నుంచి లేవబోయేది. ఎడమచేత్తో దాన్ని పట్టుకునేవాడు. బొగ్గు బట్టీ దగ్గరైతే ఫ్యాను హోరు, మంట గర్జన, కాళ్ళకింద నేల అదురు ఉండేవి. ఇక్కడ ఏసీ శబ్దం తప్ప ఏమీ లేదు. చెమట మాత్రం అప్పటికంటే ఎక్కువ పడుతోంది.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు రెండో గది కరెంటు పడింది.

"రెండో గది పడింది," అన్నాడు. ఆగాడు. "వేడి కూడా దిగుతాంది. పన్నెండు వందల అరవై. యాభై రెండు. నలభై."

మంజులత ముందుకు వంగి చూసింది. "కడ్డీ పోయింది. ఒకటో, రెండో." ఆమె ఆయన వైపు తిరిగింది. "ఆపల్లనా అన్నా? నువ్వే చెప్పు. కాల్చేది నీకే తెలుసు."

ఆపమంటే ఈసారి ఎవరూ తప్పు పట్టరు. కడ్డీ నిజంగానే పోయింది. దాదాపీర్‌కు మళ్ళీ తమ్ముడు కనబడ్డాడు, అదే లుంగీ, అదే అద్దం. ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. ఉండల గురించి ఆలోచించాడు. ఇప్పుడు రెండో గదిలో ఉన్నవి ఇంకా పచ్చివి. మూడో గది బలంగా ఉంది. అక్కడ కాసేపు ఎక్కువ ఉంచితే చాలు.

"ఆపొద్దు," అన్నాడు. "ఉండలు మోసే బండ్లను నిదానం చేద్దాం. మూడో గదిలో ఎనిమిది నిమిషాలు ఎక్కువ ఉండనీ. వేడి పైకి పెంచొద్దు, ఒకదానికొకటి అతుక్కుంటాయి."

అట్లాగే చేశారు. నాలుగున్నరకు ఆఖరి బండి బయటికొచ్చింది. ల్యాబులో ఉండల్ని ఒక్కొక్కటిగా మిషను కింద పెట్టి నొక్కి చూశారు. కొన్ని మెత్తగా ఉన్నా, ఎక్కువభాగం కావలసినదానికంటే గట్టిగానే తేలాయి. జయరాజు అందరికీ మైసూరుపాకు తెప్పించాడు. మంజులత గోడపక్కన కింద కూర్చుండిపోయింది. దాదాపీర్ చేతిలో మైసూరుపాకు అట్లాగే ఉంది. జూన్ ఆఖరుకు బొగ్గు బట్టీ ఆపేస్తారని, జులై నుంచి బొగ్గు రాదని జయరాజు అప్పుడే చెబుతున్నాడు.

ఈ సంగతి వేరేవాళ్ళ నోట విననివ్వకూడదని, మర్నాడే దాదాపీర్ పెనుకొండ పోయాడు. బైపాస్ పక్కన పెట్రోలు బంకు దగ్గర సలీం టిప్పరు కింద దూరి గ్రీజు పెడుతున్నాడు. అన్నను చూసి బయటికొచ్చాడు. అప్పటికే విన్నాడని మొహం చూస్తేనే తెలిసింది.

"కడ్డీ పోయిందంట కదా. నువ్వు ఆపమనింటే ఎవురూ ఏమీ అనేవాళ్ళు కాదని హరి చెప్పినాడు."

"అనేవాళ్ళు కాదు."

"మరి యాల ఆపలేదు?"

"ఆపాల్సిన పని లేకపోయె."

"మొదటిసారి ఉండెనా?"

దాదాపీర్ టిప్పరు టైరు మీద చెయ్యి ఆనించాడు. ఎండకు అది కాలుతోంది.

"మొదటిసారి కూడా లేదు. నువ్వు గుర్తొచ్చినావు, చెయ్యి పోయింది. అలవాటుకు పోయిందో, నీ కోసం పోయిందో నాకు తెల్దురా. నువ్వు ఇంటికొచ్చి ఆ మాట అన్నప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. ఆ మంజులత మేడంతో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పినా."

సలీం గ్రీజు చేతుల్ని గుడ్డతో తుడుచుకుంటూ ఉన్నాడు. తుడిచిన వేలునే మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

"మేడంతో చెప్పినావా," అన్నాడు. "నాకంటే ముందు."

సలీం కేబిన్లోకెక్కి బండి స్టార్టు చేశాడు. యాడికిరా అని అన్న అడిగినా వినబడనట్టు హైవే ఎక్కించేశాడు.

ఆ తర్వాత సలీం బొగ్గు దించడానికి ఫ్యాక్టరీకి వచ్చినా, అన్న షిఫ్టు లేని పూట చూసుకుని వచ్చేవాడు. దాదాపీర్ ఒకసారి జయరాజును అడిగాడు, తమ్ముడికి ఇనుపరాయి తోలే పనైనా చూడమని. రాయి లారీలు బళ్ళారి కాంట్రాక్టరువి, మన చేతుల్లో లేదు అన్నాడు జయరాజు. అడిగినందుకు దాదాపీర్‌కు రెండు రోజులు తల ఎత్తబుద్ధి కాలేదు. బక్రీదుకు సలీం రాలేదు. మాంసం మాత్రం భార్య సఫియాతో పంపాడు. మైమూనా ఆమెను కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడారని దాదాపీర్ అడగలేదు, మైమూనా చెప్పనూ లేదు.

జూన్ ఆఖరి వారంలో సఫియా ఫోన్ చేసింది.

"బావా, ఈయన బళ్ళారి పోయి ఆ కాంట్రాక్టరును తానే పట్టుకున్నాడు. రాయి తోలమన్నారంట. కానీ బండిలో బొగ్గు నలుసు కూడా ఉండగూడదంట, ఉంటే అక్కడ లోడింగు గేటు దగ్గరే వెనక్కి పంపుతారంట. కడగడానికి ఇద్దరన్నా కావల్ల. ఇంకొక మనిషి దొరకలేదు."

మనిషి దొరకలేదనే మాట నిజమో కాదో దాదాపీర్ ఆలోచించలేదు. పొద్దున రైలుకే పోయాడు. సలీం ఒక పొరక, ఒక బకెట్టు అన్న ముందు పెట్టాడు. పద్నాలుగేళ్ళ బొగ్గు. మూలల్లో, అతుకుల్లో రాయిలా గట్టిపడి ఉంది. దాదాపీర్ లోపల మోకాళ్ళ మీద కూర్చుని ఉలితో గీకాడు, సలీం ట్యాంకరు పైపుతో నీళ్ళు కొట్టాడు. మధ్యాహ్నం సఫియా చిత్రాన్నం తెస్తే ఇద్దరూ బండి నీడలో తిన్నారు.

"ఆ మూల మళ్ళా గీకు," అన్నాడు సలీం ఒకసారి. ఆ రోజంతా తమ్ముడు అన్నతో అన్న మాట అదొక్కటే. దాదాపీర్ ఆ మూల మళ్ళీ గీకాడు.

మూడు రోజుల తర్వాత ఫ్యాక్టరీలో బొగ్గు బట్టీ ఆపారు. రిపేరు రోజులు తప్పిస్తే, ఇరవై రెండేళ్ళలో ఆ గొట్టం తిరగకుండా ఉండగా దాదాపీర్ చూడడం అదే మొదలు. దాని పక్కన రెండో కరెంటు పొయ్యికి పునాదులు తవ్వుతున్నారు. బట్టీ దగ్గర పనిచేసిన ఇద్దరిని మంజులత ఆయన దగ్గరికి పంపింది, నేర్పమని. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు స్క్రీను ముందు కూర్చుని అంకెలు చదువుతున్నారు. దాదాపీర్ వాళ్ళ వెనక అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఒకడు సరిగా చెబుతున్నాడు. ఇంకొకడు కరెంటు పడినప్పుడల్లా కుర్చీలోంచి లేస్తున్నాడు.

"లేసేది లేదు. ముందు చెప్పు," అంటున్నాడు దాదాపీర్. "వేడి ఎంతుండాదో చూసి చెప్పు."

జేబులో ఫోన్ మోగింది. సఫియా.

"బావా, ఈయన లోడు ఎత్తుకున్నాడంట. బళ్ళారి దాటినాడంట. గేటు దగ్గర ఏమీ అనలేదంట. సాయంత్రానికి మీ ఫ్యాక్టరీకి వస్తాడంట."

"తానే చేయొచ్చు కదా నాకు ఫోను."

"మీకు చెప్పమని నాతో చెప్పినాడు బావా," అంది.

"నాకే చెప్పమన్నాడా?"

"మీకే."

"సరేమ్మా," అన్నాడు దాదాపీర్. ఫోన్ జేబులో పెట్టుకుని గోడ గడియారం చూశాడు. రెండూ పది. బళ్ళారి నుంచి లోడు బండి రావాలంటే ఎంత లేదన్నా ఐదు గంటలు పడుతుంది. తన షిఫ్టు నాలుగుకే అయిపోతుంది. ఆయన తలుపు తెరుచుకుని బయటికి పోయి, గేటు దాకా నడిచి రోడ్డు చూసి, మళ్ళీ లోపలికి వచ్చాడు.